ఇంటి మీద బ్యాంకువారి బీమా: తీసుకోవాలా, వద్దా?



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ కాలంలో ఇల్లు కట్టడమంటే చాలామందికి బ్యాంకులో అప్పు తీయడమే. కెంచార్లహళ్ళి నుంచో, ఆ హోబళిలోని ఏదో ఒక పల్లె నుంచో మీరు ఇంటి అప్పు కోసం చింతామణికి వెళ్ళారనుకుందాం. పంచాయితీలో ఖాతా కాగితాలు తీశారు, ఈ-స్వత్తు చేయించారు, వకీలు దగ్గర పత్రాలు చూపించారు, నెలల తరబడి తిరిగారు. చివరికి అప్పు మంజూరైంది. సంతకాల రోజు వచ్చింది. బల్ల మీద ఒక పెద్ద కాగితాల కట్ట. ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తుంటే మీరు సంతకాలు చేస్తున్నారు. ఆ కట్ట మధ్యలో ఒక కాగితం వస్తుంది. "ఇది ఇంటి ఇన్సూరెన్సండీ, దీని మీద కూడా ఒక సంతకం చేయండి" అంటారు.

ఆ సమయంలో మీరేమి చేయాలి? కళ్ళు మూసుకుని సంతకం పెట్టాలా? ఇదంతా డబ్బు గుంజడానికే అని వద్దనాలా? ఈ రెండూ సరికావు. ఇంటికి బీమా చాలామందికి అవసరమైనదే, ఖరీదు కూడా తక్కువే. కానీ మీ ముందు పెట్టిన కాగితం నిజంగా ఇంటి బీమాయేనా, అయితే అది ఇల్లు మళ్ళీ నిలబెట్టేంత బీమాయేనా అన్నది చూసుకోవాలి. అది ఎలా చూసుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందుగా, మన ప్రాంతంలో ఇంటికి ఏమవుతుందిలే అనే మాట ఉంది. మనకు సముద్రం లేదు, తుపాను నేరుగా వచ్చి తాకదు, పెద్ద నది పొంగి ఊరు ముంచదు. వాన కోసం ఆకాశం వంక చూసే నేల మనది. నిజమే. కాని 2021వ సంవత్సరం ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ ఏడు నవంబరులో వానలు విడవకుండా కురిశాయి. ఏళ్ళ తరబడి ఎండిన చెరువులు నిండి మరువలు పారాయి. మన జిల్లాలో నానిపోయిన మట్టిగోడలు ఎన్నో కూలాయి. ఆ వానల్లోనే, 2021 నవంబరు 19న, సరిహద్దు అవతల కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డున పల్లెలు కొట్టుకుపోయాయి.

అదే నవంబరులో చింతామణి తాలూకా మిట్టహళ్ళిలో భూమిలోంచి పెద్ద చప్పుళ్ళు వచ్చి ఇళ్ళు అదిరాయి. జనం భయపడి రాత్రులు ఇంటి బయట గడిపారు. తర్వాత డిసెంబరు 22వ తేదీ ఉదయం చిక్కబళ్ళాపురం జిల్లాలో ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు భూమి కంపించింది. తీవ్రత 2.9, 3.0 అని జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది. ఇవి ఇళ్ళను పడగొట్టే భూకంపాలు కావు. ఎన్నో ఏళ్ళ తర్వాత వాన నీరు ఒక్కసారిగా రాతి పగుళ్ళలోకి దిగినప్పుడు ఇలాంటి చప్పుళ్ళు, అదుర్లు వస్తాయని నిపుణులు వివరించారు. అయినా ఆ రాత్రి బయట చాప వేసుకుని కూర్చున్నవారిలో ఎంతమందికి తమ ఇంటి పాలసీలో భూకంపం ఉందో లేదో తెలిసి ఉంటుంది?

వీటికి తోడు ఏ ఊర్లోనైనా ఉండే ప్రమాదాలు ఉన్నాయి. వంట గ్యాసు సిలిండరు పేలడం, కరెంటు తీగల్లో మంట పుట్టడం, పిడుగు పడడం, పక్కనున్న చెట్టు కప్పు మీద విరిగిపడడం, రోడ్డు పక్క ఇంటి గోడను లారీ గుద్దడం. ఇవి అందరికీ జరగవు. ఎప్పుడో ఒకరికి జరుగుతాయి. జరిగినవాడికి మాత్రం జీవితమంతా కూడబెట్టినది ఒక్క పూటలో పోతుంది. బీమా ఇలాంటి వాటి కోసమే. తరచుగా జరిగే చిన్న నష్టం మన జేబు నుంచి పెట్టుకోగలం. అరుదుగా వచ్చే పెద్ద నష్టాన్ని ఒంటరిగా మోయలేం.

సరే, ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వద్దాం. మన సరిహద్దు జనానికి ఒక కష్టం ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కచేరీలో నడిచేది కన్నడం, పాలసీ రాసి ఉండేది ఇంగ్లీషు. అందుకని కౌంటరులో ఉన్నవారు నోటితో ఏమి చెబితే అదే పాలసీ అనుకుంటాం. కాని రేపు నష్టం జరిగితే లెక్కకు వచ్చేది నోటిమాట కాదు, ఆ కాగితం మీద ఉన్న మాటే. కాబట్టి సంతకానికి ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, కాలేజీలో చదివే పిల్లల చేతనైనా చదివించుకోండి. ఒక్కరోజు ఆలస్యమైతే అప్పు పారిపోదు.

చదివించేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న: ఇది గోడలకు బీమాయా, మనిషికి బీమాయా?

ఎందుకంటే బ్యాంకుల్లో ఇంటి ఇన్సూరెన్సు అనే ఒకే పేరుతో రెండు వేరువేరు పాలసీలు నడుస్తాయి. ఒకటి ఇల్లు కాలినా, కూలినా, మునిగినా డబ్బు ఇచ్చేది. ఇది ఆస్తి బీమా. దీన్ని సాధారణ బీమా సంస్థలు ఇస్తాయి. రెండోది అప్పు తీసినవారు చనిపోతే మిగిలిన అప్పు తీర్చేది. ఇది జీవిత బీమా. దీన్ని జీవిత బీమా సంస్థలు ఇస్తాయి. రెండోదానిలో ఇంటి గోడకు పైసా రక్షణ లేదు. మొదటిదానిలో మనిషి పోతే అప్పు తీరదు. గోడ కూలిన రోజున పాలసీ బయటకు తీసి, అది జీవిత బీమా అని తెలుసుకుంటే ఆ ఇంటివారి గతి ఏమిటో ఆలోచించండి. ఏళ్ళ తరబడి డబ్బు కట్టామనే ధైర్యంతో ఉంటారు, కట్టినది వేరేదానికి.

రెండోది పనికిరానిదని నేను అనడం లేదు. సంపాదించేవారు ఒక్కరే అయి, పిల్లలు చిన్నవారైతే, అప్పుకు తగిన జీవిత బీమా ఉండటం మంచిదే. కాని దాన్ని వేరుగా, దాని ధర దానిగా చూసి నిర్ణయించుకోవాలి. మామూలు టర్మ్ పాలసీ ఎంతకు వస్తుందో కనుక్కుని పోల్చాలి. టర్మ్ పాలసీ డబ్బు కుటుంబం చేతికి వస్తుంది. అప్పుకు ముడిపెట్టిన పాలసీలో చాలావాటికి అప్పు తగ్గేకొద్దీ బీమా మొత్తమూ తగ్గుతుంది.

ఇంకొక సంగతి. ఈ జీవిత బీమా ప్రీమియాన్ని చాలాచోట్ల ఒకేసారి తీసుకుని, మీ చేతి నుంచి కాకుండా అప్పులోనే కలుపుతారు. "మీరు ఇప్పుడేమీ కట్టనక్కరలేదు" అనే మాట వింటే వెంటనే లెక్క వేయండి. 50,000 రూపాయల ప్రీమియాన్ని 20 ఏళ్ళ అప్పులో ఎనిమిదిన్నర శాతం వడ్డీకి కలిపితే, నెలకు దాదాపు 434 రూపాయలు వాయిదా పెరుగుతుంది. 240 నెలలకు అది సుమారు 1,04,000 రూపాయలు. యాభై వేల సరుకు లక్ష దాటింది. చేతిలో ఉంటే ప్రీమియం విడిగా కట్టండి, లేదా ఏడాదికోసారి కట్టే పాలసీ చూడండి. జీవిత బీమా పాలసీ చేతికి వచ్చిన 30 రోజుల్లోగా వద్దనుకుంటే తిరిగి ఇచ్చే హక్కు పాలసీదారుకు ఉంది. బ్యాంకు తన ఖాతాదారులందరికీ కలిపి తీసుకున్న గ్రూపు పాలసీ అయితే, ఆ విషయం సర్టిఫికెట్లో ఏమని ఉందో చూసుకోండి.

రెండో ప్రశ్న: ఇది బ్యాంకులోనే తీసుకోవాలా?

బ్యాంకు బీమా కంపెనీ కాదు. బ్యాంకు పేరు, బీమా సంస్థ పేరు ఒకేలా వినిపించినా రెండూ వేరు సంస్థలు. ఇక్కడ బ్యాంకు చేసేది ఏజెంటు పని. దానికి కమిషను వస్తుంది. అందులో తప్పేమీ లేదు, చట్టం ఒప్పుకున్న పనే. కాని నష్టపరిహారం ఇచ్చేది బ్యాంకు కాదు, బీమా సంస్థ. కాబట్టి పాలసీ మీద ఏ సంస్థ పేరుందో చూసి, ఆ సంస్థ ఫోను నంబరు, పాలసీ నంబరు రాసి పెట్టుకోండి.

అప్పు ఒప్పందంలో ఇంటికి బీమా ఉండి తీరాలని బ్యాంకు షరతు పెట్టవచ్చు. తాకట్టు పెట్టుకున్న ఇల్లు కాలిపోతే బ్యాంకుకూ నష్టమే కదా. కాని ఫలానా సంస్థ పాలసీయే, మా దగ్గరే కొనాలి అని బలవంతం చేయకూడదు. బ్యాంకులో బీమా కొనడం ఖాతాదారు ఇష్టమేనని రిజర్వు బ్యాంకు నియమాలు చెబుతున్నాయి. మీరు బయట ఏ సాధారణ బీమా సంస్థ దగ్గరైనా పాలసీ తీసుకుని, అందులో అప్పిచ్చిన బ్యాంకు పేరు రాయించి ఇవ్వవచ్చు. ప్రభుత్వ రంగంలో న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు సంస్థలు ఉన్నాయి, ప్రైవేటువి ఇంకా ఉన్నాయి. "ఇది తీసుకోకపోతే అప్పు రాదు" అని ఎవరైనా అంటే, "ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వండి సార్" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు మాట మారుతుంది.

మూడో ప్రశ్న: ఏయే నష్టాలకు డబ్బు వస్తుంది?

దీనికి ఇప్పుడు మంచి కొలబద్ద ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ భారత్ గృహ రక్ష అనే పాలసీని తెచ్చింది. ఇంటి బీమా అమ్మే సాధారణ బీమా సంస్థలన్నీ దీన్ని ఇవ్వాలని అప్పుడు ఆదేశించింది. ఏ సంస్థ ఇచ్చినా ముఖ్యమైన షరతులు ఒకటే, తేడా ధరలోనూ సేవలోనూ. బ్యాంకువారు చూపించే పాలసీ పేరు ఏదైనా, "ఇది భారత్ గృహ రక్షనా? కాకపోతే దానికీ దీనికీ తేడా ఏమిటి?" అని అడగండి.

ఆ పాలసీలో అగ్ని, పేలుడు, పిడుగు, భూకంపం, గాలివాన, వరద, ముంపు, నేల కుంగడం, కొండచరియ జారడం, బయటి వస్తువు వచ్చి గుద్దడం, అల్లర్లు, ఉగ్రవాద చర్య, నీళ్ళ ట్యాంకు లేదా పైపు పగలడం వంటివన్నీ ఉన్నాయి. ఇల్లు ఉండటానికి వీలుకాని స్థితిలో ఉంటే వేరేచోట అద్దెకు కూడా కొంత ఇస్తారు. ప్రహరీగోడ, గేటు, నీటి తొట్టి, సోలార్ పలకలు కూడా ఇంటి కిందికే వస్తాయి. పాత అగ్ని బీమా పాలసీల్లో భూకంపం విడిగా అడిగి చేర్పించుకోవాల్సి ఉండేది. మీ అప్పు 2021కి ముందుదైతే, అప్పుడిచ్చిన దీర్ఘకాల పాలసీలో భూకంపం ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

ఏవి రావో కూడా తెలుసుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది దొంగతనం విషయంలో. ఇంటికి తాళం వేసి కైవారం తిరునాళ్ళకు వెళ్ళారు, దొంగలు పడ్డారు. ఈ పాలసీలో దానికి డబ్బు రాదు. అగ్నిప్రమాదమో వరదో జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోగా సామాను దొంగతనమైతేనే వస్తుంది. మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాలి. నగలు కూడా అంతే, విడిగా విలువ కట్టించి చేర్పించుకుంటేనే లెక్కకు వస్తాయి.

ఇల్లు పాతబడి వచ్చే నష్టాలూ రావు. గోడ చెమ్మ, కప్పు కారడం, కొత్త ఇల్లు సర్దుకునేటప్పుడు వచ్చే చీలికలు, పనితనం లోపాలు, ఇవన్నీ ఇంటివారే చూసుకోవాలి. మన ఊళ్ళలో పాత మట్టిగోడ వానకు నాని కూలితే చిక్కు ఇక్కడే వస్తుంది. గాలివాన వల్ల పోయిందని మీరంటారు, ముందే బలహీనంగా ఉందని వారంటారు. దీనికి రెండు జాగ్రత్తలున్నాయి. గోడ మట్టిదా, ఇటుకదా, రాయిదా, కప్పు పెంకుదా, బండలదా, కాంక్రీటుదా అన్నది దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయించండి. అలాగే పాలసీ తీసుకున్న నాడే ఇంటి నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ ఫొటోలే రేపు మీ సాక్షులు.

ఇంకొకటి మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది నివాసానికి ఇచ్చే పాలసీ. ఇంటి ఆవరణలో పట్టుపురుగులు మేపే షెడ్డు, చంద్రికలు, ముందు గదిలో చిల్లర కొట్టు, పక్క గదిలో పిండిమర ఉంటే, అవి ఇంటి పాలసీలోకి వస్తాయని అనుకోవద్దు. అవి వ్యాపారం కిందికి వస్తాయి. అలాంటి చిన్న వ్యాపారాల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ కూడా 2021లోనే వచ్చింది. ఇంట్లో వ్యాపారం ఉన్న సంగతి దాచిపెట్టి ఇంటి పాలసీ తీసుకుంటే, మంట ఆ గదిలోంచి మొదలైనప్పుడు ఇంటి క్లెయిముకే ఎసరు రావచ్చు.

నాలుగో ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎంతకు బీమా చేశారు?

ఇక్కడ ఒక లెక్క చెబుతాను, కాస్త నిదానంగా వినండి. మీ ఇల్లు గోడల లోపల కొలిస్తే 900 చదరపు అడుగులు అనుకుందాం. ఈ రోజు అలాంటి ఇల్లు కట్టడానికి అడుగుకు 1,800 రూపాయలు అవుతుందనుకుందాం. మీ ఊరి మేస్త్రీని అడిగితే అసలు రేటు చెబుతాడు. 900ని 1,800తో గుణిస్తే 16,20,000 రూపాయలు. మీ ఇంటికి చేయించవలసిన బీమా ఇదే. సైటు ధర ఇందులో కలపకూడదు. ఇల్లు కాలినా భూమి ఎక్కడికీ పోదు. చింతామణిలో సైటు ధర ఎంత పెరిగినా, దాని మీద ప్రీమియం కట్టడం వృథా.

కాని కొన్నిచోట్ల ఇంటి ఖర్చుకు కాకుండా అప్పు మొత్తానికి మాత్రమే బీమా చేయిస్తారు. మీరు తీసింది 8 లక్షలైతే పాలసీ 8 లక్షలకే ఉంటుంది. ఇల్లు పూర్తిగా పోయిందనుకోండి. సంస్థ ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 8 లక్షలు. ఆ డబ్బు మీద మొదటి హక్కు అప్పిచ్చిన బ్యాంకుది. పాలసీలో బ్యాంకు పేరు రాయడం అంటే అర్థం అదే. మీ బాకీ ఇంకా 7 లక్షలు ఉంటే, అది పోగా మీ చేతికి లక్ష రూపాయలు వస్తాయి. అప్పు తీరింది, నిజమే. కాని లక్షతో ఇల్లు మళ్ళీ లేవదు. అదే పాలసీ 16,20,000కు ఉంటే, బ్యాంకు బాకీ పోయినా 9,20,000 మిగులుతుంది. దానితో పునాది వేసి గోడలు లేపవచ్చు. ఒకటి బ్యాంకును కాపాడే పాలసీ, రెండోది బ్యాంకుతో పాటు మిమ్మల్నీ కాపాడేది. రెండింటికీ ప్రీమియంలో తేడా ఏడాదికి కొన్ని వందలే.

భారత్ గృహ రక్షలో ఈ విషయంలో కొన్ని సదుపాయాలున్నాయి. ఇంటి విస్తీర్ణం నిజం రాసి, కట్టుబడి ఖర్చు సరిగ్గా లెక్క వేయిస్తే, తక్కువకు బీమా చేశారంటూ క్లెయిములో కోత పెట్టరు. ఒక ఏడాదికి మించిన పాలసీ తీసుకుంటే, సిమెంటు, ఇనుము ధరలు పెరుగుతాయి కనుక, బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. ఇంటితో పాటు సామానుకూ బీమా తీసుకుంటే, ఇంటి మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలకు మించకుండా, వస్తువుల జాబితా ఇవ్వనక్కరలేకుండానే వర్తిస్తుంది. పైన చెప్పిన ఇంటికి అది 3,24,000 రూపాయలు.

ఐదో ప్రశ్న: ధర సరైనదేనా?

ఇంటి బీమా ప్రీమియం వెయ్యి రూపాయల బీమాకు ఎన్ని పైసలు అనే లెక్కన ఉంటుంది. రేటు సంస్థ సంస్థకూ మారుతుంది. లెక్క కోసం వెయ్యికి 50 పైసలు అనుకుందాం. 16,20,000 రూపాయల ఇంటికి ఏడాదికి 810 రూపాయలు, దాని మీద పన్ను. నెలకు వంద రూపాయలలోపే. బ్యాంకువారు చెప్పిన ధరను ఇలాగే వెయ్యికి ఎంత పడుతోందో లెక్కగట్టి, బయట ఇంకో రెండు సంస్థలను అదే మొత్తానికి, అదే కాలానికి అడగండి. బ్యాంకుది ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు ఉంటే బయట తీసుకోండి. తేడా కొద్దిపాటిదే అయితే బ్యాంకులోనే తీసుకోవచ్చు. అందులో ఒక సుఖమూ ఉంది. అప్పు ఉన్నన్నాళ్ళూ ఏటా గుర్తుపెట్టుకుని పొడిగించే పని తప్పుతుంది. ఇంటి పాలసీ ఒకేసారి పదేళ్ళ వరకు తీసుకోవచ్చు.

కాలం సంగతి కూడా చూడండి. అప్పు 20 ఏళ్ళది, పాలసీ పదేళ్ళది అయితే పదకొండో ఏట ఇంటికి బీమా లేదు. ఆ తేదీ క్యాలెండరు మీద కాదు, ఇంటి పత్రాల కవరు మీద రాసిపెట్టండి. అప్పు ముందే తీరిస్తే పాలసీలోంచి బ్యాంకు పేరు తీయించుకోండి. అసలు పాలసీ ప్రతి మీ దగ్గర లేకపోతే ఈ వారమే బ్యాంకుకు వెళ్ళి అడగండి. పాలసీ బ్యాంకు బీరువాలోనే ఉంది, ఇంట్లో దాని సంగతి తెలిసిన ఆయన కాలం చేశారు, అందుకని క్లెయిము అడిగేవారే లేరు అనే పరిస్థితి రాకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తీసుకోవాలా, వద్దా?

ఇంటి మీద అప్పుండి, ఇల్లు పోతే మళ్ళీ కట్టుకునే శక్తి లేనివారు తప్పకుండా తీసుకోవాలి. అప్పు లేకపోయినా, జీవితంలో ఒకే ఒక ఆస్తిగా ఇల్లున్నవారు తీసుకోవాలి. అద్దెకుండేవారు ఇంటికి తీసుకోనక్కరలేదు, సామానుకు కావాలంటే తీసుకోవచ్చు. కొద్ది ఖర్చుతో మళ్ళీ లేపుకోగల పాత గుడిసె, కొట్టం వంటివాటికి ముందు మరమ్మతు మీద డబ్బు పెట్టడమే మేలు.

ప్రభుత్వం ఇస్తుంది కదా అని కొందరు అంటారు. ఇస్తుంది. 2022 నుంచి 2026 వరకు అమలైన విపత్తు సహాయ నియమాల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన పక్కా ఇంటికి నిర్ణయించిన మొత్తం 1,20,000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వాలు కొన్నిసార్లు పైన కలిపి ఇస్తాయి. అది ఆదుకునే సహాయమే, తోసిపుచ్చవలసినది కాదు. కాని ఆ డబ్బుతో 900 అడుగుల ఇల్లు లేవదు. పైగా గ్యాసు సిలిండరు పేలి ఒక్క మీ ఇల్లే పోయినప్పుడు పరిస్థితి వేరు, ఊరంతా మునిగినప్పుడు వేరు.

ఒకవేళ నష్టమే జరిగిందనుకోండి. మొదట మనుషుల క్షేమం చూసుకోండి. తర్వాత వెంటనే బీమా సంస్థకు ఫోను చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బ్యాంకుకూ తెలపండి. శిథిలాలు ఎత్తేయకముందే ఫొటోలు తీయండి. అగ్నిప్రమాదమైతే అగ్నిమాపక దళం వారి రిపోర్టు, వాన వరదలైతే పంచాయితీ లేదా రెవెన్యూవారి పంచనామా తీసుకోండి. సంస్థ సర్వేయరును పంపుతుంది. ఆయనకు ఉన్నదున్నట్టు చూపించండి, ఎక్కువ చేసి చెప్పకండి. ఆయన చూడకముందే తప్పనిసరిగా మరమ్మతు చేయాల్సి వస్తే, కారుతున్న కప్పు మీద టార్పాలిన్ కప్పినట్టు, ఇంకా నష్టం కాకుండా ఆపేంతవరకే చేయండి. రసీదులు పారేయకండి. ఫలానా కాగితం లేదన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదని నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో ఆదేశించింది.

న్యాయం జరగలేదనిపిస్తే ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోగా బెంగళూరులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు తగవులు అక్కడ తీరుస్తారు. బీమా నియంత్రణ సంస్థ ఫోను నంబరు 155255. బ్యాంకు బలవంతంగా పాలసీ అంటగట్టిందన్న ఫిర్యాదైతే, ముందు బ్యాంకుకు రాసి, తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు.

చివరిగా ఆ ఐదు ప్రశ్నలు మళ్ళీ చెబుతాను. పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. ఒకటి, ఇది గోడలకా, మనిషికా? రెండు, ఏ సంస్థది, బయట తీసుకోవచ్చా? మూడు, ఏ నష్టాలకు ఇస్తారు, వేటికి ఇవ్వరు? నాలుగు, ఇల్లు మళ్ళీ కట్టేంత మొత్తమా, అప్పు మొత్తమేనా? ఐదు, ధర ఎంత, ఎన్నేళ్ళకు, దాన్ని అప్పులో కలుపుతున్నారా?

ఈ ఐదింటికీ సరైన జవాబు వస్తే, బ్యాంకు కాగితమైనా సరే, నిశ్చింతగా సంతకం పెట్టండి. ఒక్కదానికి జవాబు తడబడినా కలం కింద పెట్టండి. ఇప్పటికే అప్పు తీసి ఉంటే, ఈ రాత్రికే ట్రంకు పెట్టె తెరిచి ఆ పాలసీ తీసి చూడండి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. ఇల్లు కాలిన తర్వాత బావి తవ్వి లాభం లేదు.